పరిగడుపున, తిన్నంక

నిజామాబాద్ జిల్లా ఆర్మూరులో షుగర్ గురించి మాట మొదలైతే అది కాసేపట్లోనే పసుపు దగ్గరికి వచ్చి ఆగుతుంది. జూన్‌లో విత్తనం పెట్టి, ఎనిమిది తొమ్మిది నెలలు కాపాడి, తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తోలే పంట ఇది. ఇంతగా తమను పోషించిన పంట ఒంట్లో రోగాన్నీ తగ్గిస్తుందని ఊరు నమ్మడంలో వింత లేదు. దెబ్బకు పసుపు, దగ్గుకు పాలల్లో పసుపు. మరి షుగర్‌కు? పొద్దున్నే పరిగడుపున చెంచాడు పసుపు నీళ్లలో కలుపుకొని తాగి, డాక్టరు రాసిన గోలీలను అటక మీద పెట్టేవాళ్ల కోసం ఈ ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పాలి.

పసుపుకు ఆ రంగునిచ్చే కర్కుమిన్‌ను 1815లో వోగెల్, పెల్లెటియర్ వేరుచేశారు. దాని రసాయన నిర్మాణం 1910లో తేలింది. మామూలు పసుపు కొమ్ములో కర్కుమిన్ నూటికి మూడు పాళ్ల దరిదాపుల్లో ఉంటుంది. కూరలో వేసే చిటికెడులో ఉండేది మరీ స్వల్పం. పైగా అది పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరదు. చేరిన కాస్తనూ కాలేయం త్వరగా మార్చి బయటికి పంపేస్తుంది. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లో మిరియాలలోని పైపరిన్‌తో కలిపి ఇస్తే కర్కుమిన్ ఇరవై రెట్లు ఎక్కువగా రక్తానికి అందుతుందని చూపారు. ఇవాళ మార్కెట్లో అమ్మే పసుపు మాత్రల్లో మిరియాల సారం కలపడం వెనుక ఉన్నది ఆ పరిశోధనే. కానీ రక్తానికి అందడం వేరు, రోగం తగ్గడం వేరు. 2017లో ఒక అంతర్జాతీయ ఔషధ రసాయన పత్రికలో వచ్చిన సమీక్ష నూట ఇరవైకి పైగా కర్కుమిన్ ప్రయోగాలను లెక్కలోకి తీసుకుంది. డాక్టరుకూ రోగికీ ఎవరికేం ఇస్తున్నారో తెలియకుండా, ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసిన కట్టుదిట్టమైన పరీక్షల్లో అది ఒక్క రోగం మీదా నెగ్గలేదని రాసింది. మిరియాల సారం కలిపిన ఘాటు మాత్రలు కొందరి కాలేయాన్ని దెబ్బతీశాయని 2022లో అమెరికా వైద్యులు నమోదు చేశారు.

పసుపు పేటెంటు పోరును గుర్తుచేసేవాళ్లూ ఉంటారు. 1995లో గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతి మీద అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు దక్కింది. మాషేల్కర్ నాయకత్వంలోని మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. ఆ గెలుపు చూసి గర్వపడాల్సిందే. అయితే అక్కడ తేలింది ఈ వాడకం మనకు తరతరాలుగా తెలిసినదనే. పసుపు ఫలానా రోగాన్ని నయం చేస్తుందని ఆ తీర్పు చెప్పలేదు. కూరలో పసుపు నిరభ్యంతరంగా వేసుకోండి. గోలీ బదులు మాత్రం వేసుకోకండి.

ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. ఎదిగిన మనిషి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. షుగర్ లేనివాళ్లకు పరిగడుపున డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు గ్లూకోజు ఉంటుంది. లెక్కేస్తే మొత్తం రక్తంలో ఉన్నది ఐదు గ్రాములు, అంటే టీ చెంచాడు చక్కెర. మధ్యాహ్నం కంచంలో పెట్టుకునే అన్నంలో డెబ్బై గ్రాములకు పైగా పిండి పదార్థం ఉండొచ్చు. అదంతా రెండు మూడు గంటల్లో గ్లూకోజుగా మారి, చెంచాడు మాత్రమే ఉండాల్సిన చోటికి వస్తుంది. ఆరోగ్యవంతుడి రక్తంలో అది పేరుకోకపోవడానికి కారణం క్లోమం వదిలే ఇన్సులిన్. అది చెప్పగానే కండరాలు ఎక్కువ భాగాన్ని లాక్కుంటాయి, కాలేయం కొంత దాచుకుంటుంది. టైప్ 2 మధుమేహంలో కండరాలూ కాలేయమూ ఇన్సులిన్ మాటను సరిగా వినవు. కొన్నేళ్లు క్లోమం ఎక్కువ ఇన్సులిన్ వదిలి నెట్టుకొస్తుంది, తర్వాత అలసిపోతుంది. పరిగడుపున 126 లేదా అంతకు మించి ఉన్నా, గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటలకు చేసే పరీక్షలో 200 లేదా అంతకు మించి ఉన్నా, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా అంతకు మించి ఉన్నా షుగర్ ఉన్నట్టే. లక్షణాలేమీ లేకుంటే ఇంకోసారి పరీక్షించి నిర్ధారిస్తారు.

"రాత్రి రెండు పుల్కలే తిన్న. పొద్దుగాల 160 ఎట్ల వచ్చింది సారూ?" ఏ క్లినిక్‌లోనైనా వినిపించే ప్రశ్న ఇది. ఆ 160 రాత్రి తిన్నదాని నుంచి రాలేదు, కాలేయం నుంచి వచ్చింది. నిద్రలో మెదడుకు గ్లూకోజు అందాలి కనుక కాలేయం రాత్రంతా కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది. ఇన్సులిన్ దానికి అడ్డు చెప్పాలి. ఆ అడ్డు చెల్లనప్పుడు తెల్లారేసరికి అంకె పైన ఉంటుంది. 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ మధుమేహ రోగులకు ఇచ్చి చూపిన మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా పనిచేసేది ఇక్కడే: కాలేయం చేతిని పట్టి ఆపుతుంది. కాబట్టి పరిగడుపు అంకె చాలావరకు కాలేయం సంగతి చెబుతుంది. తిన్న రెండు గంటల అంకె కంచం సంగతీ, కండరాల సంగతీ చెబుతుంది. ఈ రెంటినీ కలిపి చూడకుండా ఒక్క పరిగడుపు పరీక్షతో సరిపెట్టుకుంటే సగమే తెలుస్తుంది.

కండరం గురించి ఒక తెలుగువాడి పేరు చెప్పకుండా ముందుకు పోలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో వెల్లడించారు, 1929లో ఏటీపీని వేరుచేశారు. కండరం కదిలిన ప్రతిసారీ ఖర్చయ్యేది ఆ ఏటీపీయే. ఖర్చయినదాన్ని మళ్లీ తయారు చేసుకోవడానికి కండరానికి ఇంధనం కావాలి, అందులో గ్లూకోజు ఒకటి. మనకు మేలు చేసే సంగతేమిటంటే, పనిచేస్తున్న కండరం గ్లూకోజును లోపలికి తీసుకోవడానికి ఇన్సులిన్ కోసం ఆగదు. గ్లూకోజును లోనికి పంపే వాహక ప్రోటీన్లు కండరం ముడుచుకున్నప్పుడు తమంతట తామే కణం పైపొరకు చేరతాయి. ఇన్సులిన్ మాట వినని ఒంట్లోనూ ఇది జరుగుతుంది. అన్నం తిన్నాక పావుగంట నడిస్తే రెండు గంటల అంకె తగ్గేది ఇందుకే. పొద్దున ఊరి సిద్ధులగుట్ట మెట్లెక్కినా మంచిదే. కానీ మధ్యాహ్నం బువ్వ తిని వాకిట్లో తిరిగే పావుగంటకు దాని విలువ దానికుంది.

చెన్నై వైద్యుడు ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన అధ్యయనంలో, షుగర్ అంచున ఉన్న 531 మందిలో నడక, తిండి మార్పుల వల్ల షుగర్‌గా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ వల్ల తగ్గింది 26.4 శాతం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం అలా అంచున ఉన్నవాళ్లు దేశంలో 13.6 కోట్లు, షుగర్ వచ్చేసినవాళ్లు 10.1 కోట్లు. 2023లో అచ్చయిన ఈ లెక్క చూశాక షుగర్‌ను ఉన్నోళ్ల రోగమని ఎవరూ అనకూడదు. సన్నగా ఉన్నాం కాబట్టి రాదనుకోవడమూ తప్పే. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఫొటోనే అచ్చేయించారు. ఎత్తుకు తగ్గ బరువు సూచిక ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడ్డానికి బక్కగా ఉండే మన ఒళ్లు లోపల, పొట్ట చుట్టూ కొవ్వు దాచుకుంటుంది.

ఇక్కడే ఆర్మూరుకు ప్రత్యేకంగా వర్తించే మాట చెప్పాలి. షుగర్ పుస్తకాల్లో ఎక్కువ భాగం ఆఫీసు మనిషిని ఊహించుకొని రాసినవి. అతనికి రోజూ ఒకే తీరు, ఏడాదంతా ఒకే తీరు. పసుపు రైతు ఏడాది అలా ఉండదు. వానకాలం మొదట్లో విత్తడం, తర్వాత కలుపు, ఎరువులు, నడుమ కొంత తెరిపి. సంక్రాంతి దాటాక తవ్వకం మొదలైతే ఉడకబెట్టడం, కల్లంలో తిరగేయడం, బస్తాలు మోయడం, యార్డులో కాపలా. ఆ రెండు మూడు నెలలు కండరాలకు తీరిక ఉండదు. ఆ రోజుల్లో సరిపోయిన గోలీ ఎండాకాలం నీడన కూర్చున్నప్పుడు చాలదు. ఎండాకాలంలో పెంచిన గోలీ తవ్వకాల్లో ఎక్కువై కళ్లు తిప్పుతుంది. మందు మారలేదు, తిండీ పెద్దగా మారలేదు, మారింది పని. ఈ సంగతి రోగి చెబితే తప్ప డాక్టరుకు తెలియదు. "ఏం పని చేస్తావు?" అని ఒక్కసారి అడిగి చీటీలో రాసుకుంటే చాలదు, "ఇప్పుడు ఏం పని నడుస్తోంది?" అని ప్రతిసారీ అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి.

బీడీలు చుట్టే అక్కలది దీనికి తలకిందుల కథ. ఈ జిల్లాలో లెక్కలేనంతమంది ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకొని పొద్దంతా కూర్చునే పని చేస్తారు. చేతులు ఆగవు, కాళ్లు కదలవు. ఒంట్లో పెద్ద కండరాలు ఎక్కువగా తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి, గ్లూకోజును ఎక్కువగా వాడగలిగేవీ అవే. కట్ట పూర్తయిన ప్రతిసారీ లేచి నాలుగు అడుగులు వేయమని చెప్పడం సులువే. కట్టల లెక్కన కూలి దొరికే మనిషికి ఆ నాలుగు నిమిషాలూ డబ్బే. అది తెలిసే చెబుతున్నాను: కనీసం అర్ధగంటకోసారి లేవండి, మధ్యాహ్నం తిన్న వెంటనే మాత్రం చాట ముందు కూర్చోకండి.

ఇక కంచం. పెద్దవాళ్లను అడిగితే "మా కాలంల జొన్న గట్క, జొన్న రొట్టె తిన్నం, షుగర్ ఎరుగం" అంటారు. ఆ మాటలో నిజం ఉంది, మరుపూ ఉంది. అప్పట్లో తెలంగాణ పల్లె తిండి ఎక్కువగా జొన్న, మక్కలే. పోచంపాడు దగ్గర గోదావరి మీద ప్రాజెక్టుకు నెహ్రూ 1963లో పునాదిరాయి వేశారు. తర్వాత కాలువలూ, బోర్లూ, కరెంటు మోటార్లూ వరిని పెంచాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాక పేదవాడి కంచంలోనూ తెల్లన్నం నిలిచింది. పండగనాటి తిండి రోజువారీ తిండి అయింది. అది ఆకలిని తీర్చిన మార్పు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఎందుకంటే ఆ పాత జొన్న కాలమూ బంగారంలా లేదు. జొన్న మీదే బతికిన పేదల్లో చర్మం పగిలి, విరేచనాలై, మతి చలించే పెల్లాగ్రా వచ్చేది. హైదరాబాద్‌లోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన గోపాలన్ బృందం 1960 ప్రాంతంలో దాన్నే పట్టుదలగా పరిశోధించింది. ఒక్క గింజ మీద ఆధారపడ్డ ఒళ్లు, ఆ గింజ ఏదైనా సరే, ఇబ్బంది పడుతుంది.

ఆర్మూరు, బాల్కొండ పల్లెల్లో ఇవాళ కూడా ఎర్రజొన్న పండుతోంది. అది మన కంచంలోకి రాదు. విత్తనంగా ఉత్తరాదికి వెళ్లి అక్కడ పశువుల పచ్చిమేత అవుతుంది. 2008లో ఆర్మూరు రైతులు బకాయిల కోసం రోడ్డెక్కింది ఈ జొన్న విషయంలోనే. తినే జొన్నను ఊళ్లో కొనుక్కోవాల్సి వస్తోంది.

మరి కొనుక్కొని రొట్టె తింటే షుగర్ తగ్గుతుందా? పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పిండి పదార్థం 78 గ్రాములు, పీచు మూడు గ్రాముల లోపు. జొన్నలో పిండి పదార్థం 68, పీచు పది, మాంసకృత్తులూ కొంచెం ఎక్కువ. జొన్న మేలే, కానీ అదీ పిండే. 2025లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం మనవాళ్లు తీసుకునే శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని చెప్పింది. తెల్లబియ్యం తీసేసి అంతే మోతాదులో గోధుమపిండో చిరుధాన్యాల పిండో తింటే ముప్పు తగ్గినట్టు కనబడలేదని కూడా చెప్పింది. నా దృష్టిలో ఈ మధ్య వచ్చిన షుగర్ పరిశోధనల్లో మన ఇళ్లకు ఇంతకంటే పనికొచ్చేది లేదు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పుట్టిన తెలంగాణ సోనా బియ్యం గ్లైసెమిక్ సూచిక, అంటే తిన్నాక రక్తంలో గ్లూకోజును ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే అంకె, 51 దరిదాపుల్లో ఉందని షుగర్ బియ్యంగా పేరుపడింది. మంచిదే. కానీ షుగర్ బియ్యమే కదా అని ఇంకో గరిటె వేసుకుంటే ఆ లాభం ఆ గరిటెలోనే పోతుంది.

కాబట్టి గింజ మార్చడం కన్నా గింజ తగ్గించడం ముఖ్యం. తగ్గించిన చోట పప్పు, పెసర్లు, అలసందలు, గుడ్డు, చేప, మజ్జిగ, పల్లీలు రావాలి. అంకాపూర్ నాటుకోడి కూర షుగర్ ఉన్నవాళ్లకు శత్రువు కాదు. దానితో పాటు పెట్టుకునే బగారన్నం కొలత చూసుకోవాలి. కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో తింటే అంకె అంత త్వరగా ఎక్కదు. ఎవరో చెప్పారని నమ్మక్కర్లేదు, ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే ఒకరోజు అలా, ఒకరోజు ఇలా తిని రెండు గంటల తర్వాత చూసుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు వేరే వంట వండి వేరే కూర్చోబెట్టే ఇళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ కంచం ఇంటిల్లిపాదికీ మంచిదే.

తవ్వకాల రోజుల్లో అసలు భయం షుగర్ ఎక్కువవడం కాదు, పడిపోవడం. గ్లిమిపిరైడ్ లాంటి గోలీలు మనం బువ్వ తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తాయి. పొద్దుగాల గోలీ వేసుకొని చేనుకు పోయి, సద్ది తినే వేళ దాటిపోతే రక్తంలో గ్లూకోజు 70 కిందికి జారుతుంది. చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, ఉన్నట్టుండి చిరాకు, మాట తడబాటు వస్తాయి. యార్డులో బస్తాల మీద కూర్చుని వేలం కోసం ఎదురుచూస్తూ బువ్వ మరిచిపోయినప్పుడూ అంతే. పక్కవాళ్లు తాగాడనుకుంటారు. వెంటనే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, అది సుమారు పదిహేను గ్రాములు. పదిహేను నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్లీ అంతే తాగాలి. తేరుకున్నాక అన్నమో రొట్టో తినాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ గోలీల ప్రభావం గంటల కొద్దీ ఉంటుంది కనుక తేరుకున్నాక కూడా మళ్లీ పడిపోవచ్చు, ఆ రోజంతా ఒంటరిగా వదలకండి. చేనుకు పోయేటప్పుడు జేబులో చక్కెర పొట్లం ఉండాలి. రంజాన్ రోజాలకూ, శివరాత్రి ఉపవాసానికీ ముందు డాక్టరును కలిసి గోలీల వేళలు మార్పించుకోవాలి. గల్ఫ్‌లో ఎండలో పనిచేసే మనవాళ్లకు ఫోన్లో ఈ లక్షణాలు ఒకసారి చెప్పండి. అక్కడ పక్కన ఉండేవాళ్లకూ చెప్పమనండి.

ఏళ్ల తరబడి అంకె పైన ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి. స్పర్శ తెలియని కాలు కల్లంలో ప్రమాదకరం. ఎండకు కాగిన నేల, ఉడికించే బాయిలరు పక్క నీళ్లు, కొమ్ముల మధ్య గుచ్చుకునే పుల్ల, ఏదీ తెలియదు. సాయంత్రం ఇంటికొచ్చాక చెప్పు విప్పితే నెత్తురు కనిపిస్తుంది. అరికాలికి పసుపు అద్ది వారం చూద్దామనుకునే ఆ వారంలోనే వేలు పోవచ్చు. షుగర్ ఉన్న కాలి మీద చిన్న పుండైనా ఆర్మూరు ఏరియా ఆసుపత్రికో, దగ్గరి డాక్టరుకో ఆ రోజే చూపించాలి. వట్టి కాళ్లతో కల్లంలో దిగకండి. మెత్తటి రబ్బరు అట్ట ఉండే ఎంసీఆర్ చెప్పులు ఇంట్లోనూ వేసుకోండి. కాళ్లు తిమ్మిరెక్కాయని వేడినీళ్లలో పెట్టకండి, ఆ వేడి ఎంతో మీ కాలికి తెలియదు. రాత్రి పడుకునే ముందు అరికాలు చూసుకోవాలి, వంగలేకపోతే మనవడినో కోడలినో చూడమనాలి. ఏడాదికోసారి పది గ్రాముల నైలాన్ పోగుతో స్పర్శ పరీక్ష, కంటి తెర పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించుకోవాలి.

ఇన్సులిన్ సూది వాడేవాళ్లకు ఈ ఊరి మే నెల గట్టి పరీక్ష. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరావు. కరెంటు పోయే ఇంట్లో, ఫ్రిజ్ లేని ఇంట్లో నీళ్లు చల్లిన ఇసుకలో మట్టికుండ పెట్టి, అందులో పొడి డబ్బాలో సీసా ఉంచే పాత పద్ధతి నిజంగా పనిచేస్తుంది. ఆఫ్రికాలో ఎండలు మండే శిబిరంలో ఉండే వేడిని బట్టి పరిశోధకులు ఇన్సులిన్‌ను పరీక్షించారు. 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలోనూ నాలుగు వారాల దాకా ఇన్సులిన్ బలం నిలిచిందని 2021లో ప్రకటించారు. బండి డిక్కీలో, చేను గట్టున, కిటికీలో ఎండ తగిలేచోట మాత్రం గంటసేపైనా పెట్టకండి.

చివరగా హెచ్‌బీఏ1సీ. గ్లూకోజు ఎర్రరక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కనుక ఈ పరీక్ష మూడు నెలల సగటు చెబుతుంది, అందులో సగం బరువు చివరి నెలదే. చాలామందికి ఏడు శాతం లోపు ఉంటే మంచిది, ముసలివాళ్లకు డాక్టరు కొంచెం సడలిస్తారు. ఆడవాళ్లలో సర్వసాధారణమైన ఇనుము లోపం వల్ల ఈ అంకె ఉన్నదానికంటే కొంత ఎక్కువ చూపవచ్చు. కాబట్టి రక్తహీనత ఉందేమో కూడా చూడాలి. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వచ్చిన పెద్ద అధ్యయనంలో షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టినవాళ్లకు కన్ను, కిడ్నీ లాంటి సన్ననాళాల చిక్కులు పాతిక శాతం తగ్గాయి. మొదట్లో అదుపు చేసినవాళ్లకు ఆ మేలు పదేళ్ల తర్వాతా నిలిచింది.

పసుపు రైతుకు ఈ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో నేను సూచిస్తాను. ఉగాది దాటాక ఒకటి: అది తవ్వకాల నెలల లెక్క. వినాయక చవితి ప్రాంతంలో ఇంకొకటి: అది నాట్ల తర్వాతి తెరిపి లెక్క. రెంటి మధ్య తేడా ఒక శాతం ఉంటే గోలీల మోతాదు కాలాన్ని బట్టి మారాల్సి ఉందని డాక్టరుతో మాట్లాడవచ్చు. ఆశా అక్క నెలనెలా తెచ్చిచ్చే గోలీల సంచిలోనే ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, పరిగడుపు అంకె, తిన్నంక అంకె, ఆ వారం నడుస్తున్న పని, ఏ పూటైనా బువ్వ తప్పితే అదీ రాయండి. రాయడం రానివాళ్లకు బడికి పోయే పిల్లలు రాసిపెడతారు. తర్వాతిసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు రిపోర్టుల కన్నా ముందు ఆ పుస్తకం ఆయన ముందు పెట్టండి.